యాకూబ్ భాయ్ ఆడిన మ్యాచ్

ఎనిమిదేండ్ల సంది ఒక అబద్ధం నా లోపల కూసోని ఉంది. చూస్తే చిన్నదే. దానితోని ఎవరి ఇల్లూ కూలలేదు, ఎవరి మీదా కేసు కాలేదు. అయినా అన్నం తినేటప్పుడు సుత యాదికొస్తది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు నేనెవరో తెల్వదు, అందుకే మీకు చెప్తున్న.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దిక్కు, అడవి మొదలయ్యే కాడ ఒక చిన్న టౌన్. నాకు జిరాక్స్, ఫ్లెక్సీ షాపు ఉంది. పని లేనప్పుడు కంప్యూటర్ల క్రికెట్ గేమ్ ఆడేటోణ్ణి. ఆ గేమ్‌ల పాత టీములను మనమే తయారు చేసుకోవచ్చు. పేరు, మొఖం, మీసం, బ్యాట్ పట్టే తీరు, అన్నీ. పాత ఇండియా టీములు, పాత వెస్టిండీస్ టీములు చేసి చేసి విసుగొచ్చింది. ఒకనాడు మా ఊరి పాత టీమే చేద్దామని బుద్ధి పుట్టింది. నేను పుట్టకముందు కల్లూరుకు లారీల పోయి, అక్కడి టీమును ఓడగొట్టి వచ్చిన టీమ్ అది. మా దగ్గర ముసలోళ్లు చాయ్ కాడ ఇప్పటికీ ఆ ముచ్చటే తీస్తరు గని, ఎవరెవరు ఆడిండ్రో ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు.

ఆ మ్యాచ్ స్కోరు బుక్కు మా నాన్న ట్రంకు పెట్టెల ఉండె. నాన్న చర్చి బడిల అటెండర్. ఆ టీముల పన్నెండో మనిషి. కిట్టు మోసిండు, నీళ్లు ఇచ్చిండు, ఒక్క బాలు ఆడలేదు. దోస్తులు "నీళ్ల దొర వస్తుండు, జరుగుండ్రి" అని ఆటపట్టిస్తే ఆయన కూడా వాళ్లతోని నవ్వేటోడు. చనిపోయేదాకా నవ్విండు. నాకే మండేది.

బుక్కు చూసుకుంటా పది మందిని తయారు చేసిన. పదకొండో మనిషి యాకూబ్ భాయ్, పరుపులు కుట్టేటాయన. ఆయన బౌలింగ్ ఒక వింత. కుడి చేత్తో వేసేటోడు, బాలు వదిలేటప్పుడు అందరి లెక్క ఎడమ కాలు కాదు, కుడి కాలే ముందట పడేది. బ్యాటింగ్ చేసేటోనికి బాలు ఎప్పుడు చేయి దాటుతదో అంతు పట్టకపోయేదట. కల్లూరోళ్లవి ఆరు వికెట్లు తీసిండు. గేమ్‌ల బౌలింగ్ తీర్లు మస్తుగున్నయ్ గని అసొంటిది లేదు. వారం రోజులు వెతికిన. మామూలు బౌలింగ్ పెడితే అది యాకూబ్ భాయ్ కాదు, ఇంకెవరో. అప్పుడు ఆయన జాగల మా నాన్నను పెట్టిన.

ఆ బౌలింగ్ దొరకలేదు కాబట్టే పెట్టిన్నా? లేకపోతే నాన్నను పెట్టాలని ముందే మనసుల ఉండి, అది దొరకకుంటే బాగుండునని అనుకుంటనే వెతికిన్నా? ఇన్నేండ్లు నన్ను నేనే అడుక్కున్న. ఒకటైతే చెప్పగలను. దొరకనప్పుడు నాకు బాధ కాలేదు, సంబరమైంది. నాన్న తెల్ల బట్టలల్ల, బ్యాట్ పట్టుకొని గ్రౌండ్‌లకు నడిచి వస్తుంటే షాపుల ఒక్కణ్ణే కూసోని ఏడ్చిన.

అక్కడికే ఆగితే అది నా ఆట, నా ఇష్టం. కానీ మా క్రికెట్ క్లబ్బోళ్లు అడిగితే ఆ టీమ్ వాళ్లకూ ఇచ్చిన. వాళ్లు పాత టీమును యాది చేసుకుంట గ్రౌండ్ కాడ ఫ్లెక్సీ పెడ్తమని ఆ పదకొండు పేర్లే రాసుకొచ్చిండ్రు. ఆ ఫ్లెక్సీ ప్రింటు కొట్టింది నా షాపులనే. పేర్లు చూసిన, నోరు మెదపలేదు.

ఫ్లెక్సీ పెట్టిన మూడో రోజు పొద్దున యాకూబ్ భాయ్ తన బిడ్డ చెయ్యి పట్టుకొని షాపుకొచ్చిండు. ఆయనకు అంతకు ఏడాది ముందు పక్షవాతం వచ్చి, మనుషుల పేర్లు కూడా కలగాపులగం చేస్తుండె.

"బేటా, ఫ్లెక్సీల నా పేరు లేదంట. కల్లూరు మ్యాచ్ నేను ఆడిన కదా?"

అవ్ భాయ్, తప్పు నాదే అంటే అయిపోయేది. కొత్త ఫ్లెక్సీ గంటల వచ్చేది. కానీ అందులకెల్లి నాన్న పేరు తీయాలె. షాపుల ఇద్దరు క్లబ్బోళ్లు నిలబడి ఇంటుండ్రు కూడా.

"లేదు భాయ్. ఆ రోజు మీరు పన్నెండో మనిషి. నీళ్లు ఇచ్చిండ్రు. స్కోరు బుక్కుల ఉంది."

ఆయన నా మొఖం దిక్కు చూసిండు. కోపంగ కాదు, ఏదో యాదికి తెచ్చుకుంటున్నట్టు.

"అవ్, గట్లనే అయ్యుంటది. నీ దగ్గర బుక్కు ఉంది కదా. నా బుర్ర ఖరాబైంది బేటా, ఏమనుకోకు."

అయ్యో, నన్నే మాఫీ అడిగి పోయిండు! బుక్కు చూపియ్యమని అడగలేదు. అడిగితే ఏం చేసేటోణ్ణి? అది కూడా ఆలోచించిన. కనిపిస్తలేదు అనేటోణ్ణి. గసొంటి మనిషిని నేను.

మూడేండ్లకు యాకూబ్ భాయ్ పోయిండు. మట్టి ఇయ్యనీకి నేనూ పోయిన. తర్వాత ఒకనాడు వాళ్లింటికి పోతే, బిడ్డ చాయ్ ఇచ్చుకుంట మామూలుగనే చెప్పింది. ఆఖరి రోజులల్ల ఆయన ఇంట్లో అందరినీ కూసోబెట్టి మాఫీ అడిగిండట. కల్లూరు మ్యాచ్ నేను ఆడలే, ఇన్నేండ్లు మీకు అబద్ధం చెప్పిన అని. "ఆడితేంది, ఆడకుంటేంది అన్నా, మా అబ్బానే కదా" అని ఆమె నవ్వింది. నేను చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంటికొచ్చిన.

నాన్న బతికుంటే ఏమనేటోడు? యాకూబ్ భాయ్ బౌలింగ్ గురించి నాకు చెప్పిందే ఆయన. మంచం మీదికెల్లి లేచి, కుడి కాలు ముందటేసి చేసి చూపించేటోడు. ఆయన కోసమే చేసిన అనుకుంటున్న గని, ఆయన చూస్తే నా చెంప పగలగొట్టేటోడు. నీళ్లు ఇచ్చుడు ఆయనకు ఎన్నడూ సిగ్గు కాలేదు. ఆ సిగ్గు నాది.

యాకూబ్ భాయ్ బిడ్డ ఇల్లు నా షాపుకు నాలుగు గల్లీల అవతల. ఈ మాట ఆమెకు చెప్పాలె. చెప్తనో లేదో తెల్వదు, మీ ముంగట ఒట్టేయను. మీకైతే చెప్పిన. ఆ రోజు కల్లూరుల యాకూబ్ భాయ్ ఆడిండు. నీళ్లు మోసింది మా నాన్న. ఇంత రాసినంక నా పాణం తేలికైంది. యాకూబ్ భాయ్ మాత్రం తాను ఆడలేదనుకుంటనే పోయిండు.