పాలు లేని చాయ్ దుకాణం

వ్యాపారం చేతులతోనే నేర్చుకోవాలని నా బి.కాం. పట్టా ఆదేశించగా, ఈ రోజు శాలిబండలో మా బడి పిల్లలతో దుకాణాలు పెట్టించాను. ఎక్కువ అమ్మినవారికి కొత్త పుస్తకాల సంచి ఇస్తానన్నాను. గౌలిపుర పాలవాళ్ల పిల్ల యాదమ్మ చాయ్ దుకాణం పెట్టింది. బోణీ కాకముందే ఒకామె ఏడుస్తున్న పసిబిడ్డతో వచ్చి పాలడిగింది. యాదమ్మ చెంబెడు పాలూ ఆమె గిన్నెలో వంచేసింది.

"పైసలన్న తీసుకోకపోతివి! ఇగ చాయ్ ఎట్లమ్ముతవే?" అన్నాను.

"పసిపిల్ల పాలకు పైసలు తీసుకుంటరా సారూ? తీసుకుంటె మా బాపు ఇంట్లకు రానియ్యడు. మీకు కాలేజీల గిది చెప్పలేదా?"

చెప్పలేదు. సాయంత్రం దాకా ఆ పిల్ల డికాషన్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ కొనలేదు. పుస్తకాల సంచి, బొమ్మలమ్మిన పిల్లకు పోయింది. యాదమ్మకు మార్కులింకా వేయలేదు. మీరైతే ఎన్ని వేస్తారు?