వెనక్కి తీసుకున్న సాక్ష్యం

రెబెకాకు ఆదివారం అంటే ఆదివారమే, అందులో బేరం లేదు. తిరుపతిలో, యూనివర్సిటీలో బోటనీ ఎమ్మెస్సీకి చేరిన మొదటి వారమే ఆ సంగతి డిపార్టుమెంటు మొత్తానికీ తెలిసిపోయింది. మొక్కల సేకరణకు ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి తలకోనకు బస్సు బయలుదేరుతుందని ప్రొఫెసరు దొరస్వామి చెప్పగానే ఈ పిల్ల లేచి నిలబడి, తాను రానని, మందిరానికి పోవాలని చెప్పింది. సారుకు ఒళ్లు మండింది. అడవి నీకోసం సోమవారం దాకా కాచుక్కూర్చోదమ్మా అన్నాడు. కూర్చోకపోతే పోనీండి సార్ అని ఈమె కూర్చుంది. తలబిరుసు పిల్ల అని నలుగురూ అనుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, కాస్త తలబిరుసే.

ఆ పట్టుదల పుట్టింటి సొత్తు. సూళ్లూరుపేట దగ్గర పల్లె వాళ్లది. నాయన చెంగయ్య ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్, తల్లి కృపామణి నాట్లకూ కోతలకూ కూలికి పోతుంది. ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా ఆరాధన అయ్యాకే. హాస్టల్లోనూ రెబెకా అలాగే ఉంది. రూమ్మేటు మోహన లేచి వెంకన్న పటం ముందు అగరుబత్తి వెలిగించేలోపే ఈమె మంచం పక్కన మోకరించి ప్రార్థన ముగించేది. దేవుళ్ల గురించి ఆ ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు. వచ్చిన పేచీలన్నీ ఫ్యాను గురించే.

ఆ సెమిస్టరులో ఒక్కొక్కరూ ఇరవై అయిదు మొక్కలను ఎండబెట్టి, అట్టలకు అంటించి, పేర్లు రాసి ఇవ్వాలి. షీటుకు ఒక మార్కు. బస్సు అడవికి పోయిన ఆదివారాలన్నీ పోగొట్టుకున్న రెబెకా, మిగిలిన రోజుల్లో యూనివర్సిటీ వెనక గుట్టల్లో, రైలుకట్ట పక్కన ఎంత ఏరుకున్నా పదిహేడే అయ్యాయి. స్నేహితుల దగ్గర రెండో మూడో అడిగి తెచ్చుకోవచ్చు, చాలామంది చేసేదే అది. ఆమెకు మనసొప్పలేదు. ఉన్నవి ఇచ్చేసి వచ్చి, నీ దినాన్ని నేను వదల్లేదు, నన్ను నువ్వు వదలొద్దు ప్రభువా అని చెప్పుకుని హాయిగా నిద్రపోయింది.

ఫిబ్రవరిలో మార్కులొచ్చాయి. షీట్లకు ఇరవై అయిదుకు ఇరవై అయిదు. ఆ లెక్కన డిపార్టుమెంటు ఫస్టు కూడా ఆమెదే. ఇంకొకరైతే ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని గతుక్కుమనేవాళ్లు. రెబెకాకు ఆ అనుమానమే రాలేదు, ఎందుకొస్తుంది? అయిదు రొట్టెలు అయిదువేల మందికి పంచిన దేవుడికి పదిహేడును ఇరవై అయిదు చేయడం ఒక పనా! తన ఆదివారాలకు జవాబు వచ్చేసిందని పొంగిపోయింది పిచ్చిపిల్ల.

ఆ వారమే ఊరికి పోయి మందిరంలో సాక్ష్యం చెప్పింది. ఆ సంఘంలో అది రివాజు. దేవుడు మేలు చేస్తే కడుపులో దాచుకోకూడదు, అందరి ముందూ లేచి చెప్పాలి. చెప్పడం అయ్యాక జనమంతా స్తోత్రం అని ఒక్క గొంతుతో పలుకుతారు. ఆ రోజు పలికిన పలుకుకు మందిరం రేకులు అదిరాయి. కృపామణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాస్టరు అయ్యగారు మరో మూడు ఆదివారాలు ప్రసంగంలో ఈ సంగతే చెప్పాడు, పక్క ఊళ్ల సంఘాలకూ పాకింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం క్యాంటీనులో ఆ సంబరం కాస్తా దిగిపోయింది. మునిచంద్ర అని చంద్రగిరి వైపు రైతు బిడ్డ, రెబెకా పక్క నంబరు వాడు, ప్రతి ఆదివారం అందరికంటే ముందు బస్సెక్కినవాడు, చదువు మానేసి నాయుడుపేటలో ఏదో కంపెనీలో చేరతానంటున్నాడు. ఫస్టు వచ్చినవాళ్లకే దొరస్వామి సారు తన అడవి మొక్కల ప్రాజెక్టులో చోటిస్తాడు. ఆ చోటు రెబెకాకు వెళ్లింది. అంతమాత్రానికే మానేయడం ఏమిటని ఆమె అడిగితే అతను మార్కుల కాగితం ముందు పెట్టాడు.

"ఇరవై అయిదూ ఇచ్చినాను. పదిహేడు ఏసినారు. నాకు మొక్కలు తెలుసనుకుంటి. తెలీదు, అంతే."

పదిహేడు అన్న అంకె మీద రెబెకా వేలు పెట్టి చూసింది. ఆ పదిహేడు ఎవరివో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మార్కులు ఎక్కించేటప్పుడు పక్కపక్క నంబర్లు తారుమారయ్యాయి. అద్భుతమూ లేదు, గిద్భుతమూ లేదు. ఈ అబ్బాయి కొండలెక్కి పడ్డ కష్టానికి దేవుడి పేరు పెట్టి ఊరూరా చాటింది తాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా అక్కడికక్కడే ఉన్నదున్నట్టు అతనికి చెప్పేసింది. అతను కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదువుకున్నాడు.

ఆ సంగతే వెళ్లి చెబితే దొరస్వామి సారు విసుక్కున్నాడు. ఫలితాలు వచ్చేశాయి, ప్రాజెక్టు కాగితాలు పైకి పోయాయి, నువ్వేమీ దొంగతనం చేయలేదు కదా, ఎందుకు కెలుకుతావని మందలించాడు. రెబెకా కదల్లేదు.

"ఆదివారం నాది సార్. దాని ఖరీదు నేను కట్టాల. మునిచంద్ర కట్టేదేంది?"

సారు లేచి బీరువా తెరిచాడు. పేర్లు రాసి ఉన్న షీట్ల కట్టలు రెండూ బల్ల మీద పెట్టి స్వయంగా లెక్కపెట్టాడు. పది రోజుల్లో మార్కులు సరిచేశారు. ఫస్టూ ప్రాజెక్టూ మునిచంద్రకు వెళ్లాయి, రెబెకా మూడో స్థానానికి దిగింది. దిగినందుకు ఒక పూట ఏడ్చింది కూడా. ఏడ్వదా మరి, అంత ఇష్టపడిన పని అది.

అసలు కష్టం ఊళ్లో ఉంది. సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని ఫోనులో చెప్పగానే కృపామణి కస్సుమంది.

"దేవుడు చేసినాడని చెప్పి ఇప్పుడు కాదంటావా? ఆయన పేరేం కావాల? మార్కులు ఇచ్చుకుంటే ఇచ్చుకో, మందిరంలో మాత్రం నోరు తెరవొద్దు."

"నువ్వు కోసిన కోత ఇంకొకామె పేరున రాసుకుంటే ఊరుకుంటావా అమ్మా?" అని రెబెకా అడిగింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ ఆదివారం తల్లీకూతుళ్లు మాటల్లేకుండానే మందిరానికి నడిచారు. సాక్ష్యాల వేళ రెబెకా లేచింది. మాట తడబడలేదు. తాను చెప్పింది తప్పని, ఆ మార్కులు కొండలెక్కి తిరిగిన మునిచంద్ర అనే అబ్బాయివని, తన ఆదివారాలకు దేవుడు మార్కులేమీ బాకీ లేడని, అయినా ఆదివారం మాననని చెప్పి ఆగింది.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఇలాంటి సాక్ష్యానికి ఏమని పలకాలో అక్కడ ఎవరికీ తెలియదు. అయ్యగారు తలదించుకుని పుస్తకంలోకి చూస్తున్నాడు. కూర్చోవాలో నిలబడాలో తెలియక రెబెకా అలాగే ఉండిపోయింది.

ఆడవాళ్ల వరుసలోంచి కృపామణి లేచి వచ్చి కూతురి పక్కన నిలబడింది.

"ఆ పిల్లోడి పేరు ఇంకోసారి చెప్పు."

"మునిచంద్ర అమ్మా."

కృపామణి జనం వైపు తిరిగింది. "మునిచంద్ర అనే బిడ్డ ఎండనకా వాననకా కొండల్లో తిరిగి, కష్టపడి, యూనివర్సిటీలో ఫస్టు వచ్చినాడు," అంది. "దేవునికి స్తోత్రం."

స్తోత్రం, అంది మందిరమంతా.