యాలింగ్ తొట్టిలో నీళ్ళు

జిన్‌ఫెంగ్ చేతుల్లో తెగిన చేపలకు లెక్క లేదు. కీలుంగ్ రేవు పక్కన తెల్లవారకముందే మొదలయ్యే చేపల బజారులో ముప్పై ఏళ్ళు పీట వేసుకుని పొలుసులు గీకింది. మోకాళ్ళు మొరాయించి ఆ పని మానేశాక, చేసిన పాపం కడుక్కోవడానికన్నట్టు, ఊరెళ్ళేవాళ్ళ చేపల్ని బతికించే పనిలో పడింది. కొండవాలు మీద తానుండే అపార్ట్‌మెంటులో ఎవరు సెలవులకు బయల్దేరినా తాళంచెవి ఆవిడ చేతికే వచ్చేది. పైసా పుచ్చుకునేది కాదు గానీ నోరు ఊరుకునేది కాదు. "మీరు దేశాలు తిరగండమ్మా, మీ చేపలకు దాదిని నేనున్నాగా" అని దెప్పి మరీ తాళం తీసుకునేది.

నాలుగో అంతస్తులో ఉండే వెన్‌కాయ్ ఒక్కడే ఎక్కడికీ కదిలేవాడు కాదు. అతని భార్య యాలింగ్ పోయి మూడేళ్ళయింది. ఆమె పెంచిన ఉప్పునీళ్ళ తొట్టి ముందుగదిలో అలాగే ఉంది. అందులో మిగిలింది ఒకే ఒక్క చేప, నారింజ రంగు ఒంటి మీద తెల్లపట్టీలది. పెళ్ళయిన ఏడు యాలింగ్ ముచ్చటపడి కొనుక్కుంది. తాంగ్‌యువాన్ అని పాకంలో తేలే పిండి ఉండ పేరు పెట్టుకుంది. ఆఫీసు, ఇల్లు, ఆ చేప, వెన్‌కాయ్ బతుకంతా ఇంతే. కూతురు తోంగ్‌తోంగ్‌కు పదకొండో ఏడు వచ్చినా సెలవులంటే కిటికీలోంచి వాన చూడటమే.

చివరికి జిన్‌ఫెంగే పోరుపెట్టింది. "చేపకు కాపలా కాస్తూ పిల్లని ఇంట్లో మగ్గబెడుతున్నావు. దాన్ని జపాన్ తీసుకెళ్ళు. చేప పూచీ నాది."

"దానికేమన్నా అయితే నేను తట్టుకోలేను పిన్నీ. మళ్ళీ గడప దాటను."

"నేనుండగా ఏమవుతుంది? నీ చేపకు దిష్టి తీసి మరీ చూసుకుంటాను."

"బడి సెలవులు ఏడో నెలలో పడ్డాయి. పోయినవాళ్ళు తిరిగొచ్చే నెల. అందరూ ప్రయాణాలు వద్దంటున్నారు."

"దయ్యాలకు విమానం టికెట్టు ఎవడిస్తాడురా? బయల్దేరు!"

వెళ్ళేముందు వెన్‌కాయ్ తొట్టి అద్దానికి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు ఒక టేపు అంటించాడు. రోజూ పొద్దుటికి నీళ్ళు టేపు కిందికి దిగుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి దిగినమేరకు మంచినీళ్ళే పొయ్యాలి, రోజుకో సీసా. తొట్టిలో ఉప్పు పాళ్ళు చూపే ముల్లు పచ్చగీత దాటి కిందికి పోకూడదు. ఇదంతా రెండుసార్లు చెప్పి, బాల్కనీలో సీసాలు నింపి వరసగా పెట్టి వెళ్ళాడు.

మొదటిరోజు పొద్దున జిన్‌ఫెంగ్ తలుపు తీసి చూస్తే నీళ్ళు టేపు దగ్గరే ఉన్నాయి. వానకు గాలి చెమ్మగా ఉందిలే అనుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం బజారులో అలవాటయిన మనిషి, ఆలోచించకుండా సీసా ఒంపేసింది. మర్నాడు నీళ్ళు టేపు మీదికి వచ్చాయి. కళ్ళు మసకలేమో అనుకుని ఇంకో సీసా ఒంపింది. ఆ మర్నాటికి తాంగ్‌యువాన్ అడుగున పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు టకటకా కొట్టుకుంటున్నాయి. ముల్లు పచ్చగీత కిందికి జారిపోయింది.

జిన్‌ఫెంగ్‌కు అప్పుడు తట్టింది. తాను పోసేది కాక ఇంకెవరో పోస్తున్నారు. తాళం తన దగ్గరే ఉంది. ఆ ఇంట్లో ఈగ కూడా లేదు. వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళ కుళాయి పక్కన అరలో ఒక నీలం ప్లాస్టిక్ మగ్గు బోర్లించి ఉంది. యాలింగ్ తొట్టికి నీళ్ళు పోసే మగ్గు అది. ఎత్తి చూస్తే లోపలంతా తడి. గుడ్డతో పొడిగా తుడిచి పెట్టింది. పోతూపోతూ గడప లోపలా, వంటింటి వాకిట్లోనూ అగరొత్తుల బూడిద పలచగా చల్లింది. మనిషి అడుగు పెడితే అచ్చు పడాలి కదా అని.

తెల్లారి వచ్చి చూసింది. బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. మగ్గు తడిగా ఉంది. నీళ్ళు మరో వేలెడు పెరిగాయి. చేప మాత్రం జిన్‌ఫెంగ్ వైపు చూడటం లేదు, వంటింటి గుమ్మం వైపు తిరిగి ఉంది. ఆవిడకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి. పట్టపగలే, వీధిలో కూరగాయలవాడి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

పారిపోవచ్చు. పారిపోతే చేప చస్తుంది. చేప చస్తే వెన్‌కాయ్ తనను తాను మళ్ళీ ఆ గదిలో పెట్టి తాళం వేసుకుంటాడు, పిల్లతో సహా. పూచీ పడ్డ నోరు తనదే. జిన్‌ఫెంగ్ తొట్టి ముందు నేలమీద చతికిలబడి జేబులోంచి రెండు నాణేలు తీసింది. పోయినవాళ్ళను అడగడానికి ఇంట్లో అదే దారి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే అవును. రెండూ ఒకేలా పడితే కాదు. ఒక్కటే కట్టుబాటు, తీర్చలేనిది అడగకూడదు. అవునని పడిందా, చేసి తీరాలి.

"యాలింగ్, నీళ్ళు పోస్తున్నది నువ్వేనా తల్లీ?"

బొమ్మ, బొరుసు. మూడుసార్లు వేసినా అదే.

"ఇక మానేస్తావా?"

రెండూ బొమ్మలే. మళ్ళీ వేస్తే రెండూ బొరుసులు.

"మొండిఘటం! బతికున్నప్పుడూ ఇంతే నువ్వు" అని తిట్టింది. అసలు ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, చేపను నీతో తీసుకుపోదామని వచ్చావా అని. అవునని పడితే? ఆవిడ నాలుక కరుచుకుంది. తొట్టిలో చేప నోరు తెరిచి మూస్తోంది. ఆఖరికి ఇంకోలా అడిగింది.

"అయితే నన్ను మానమంటావా?"

బొమ్మ, బొరుసు. మరోసారి, ఇంకోసారి, అదే.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అంది జిన్‌ఫెంగ్. అనేశాక కళ్ళ నీళ్ళు వచ్చాయి.

చచ్చినదాని మాట నమ్మి బతికున్న చేపను వదిలేయడం చిన్న సంగతి కాదు. అయినా నమ్మింది. మరునాటి నుంచి వచ్చి, చిటికెడు మేత వేసి, చుక్క నీరు పోయకుండా వెళ్ళిపోయేది. ఆ రోజుల్లో మగ్గు పొడిగానే ఉంది, ఎక్కువైన నీళ్ళు రోజురోజుకీ కిందికి దిగాయి. ముల్లు పచ్చగీత మీదికి పాకింది. తాంగ్‌యువాన్ లేచి తిరగసాగింది. నీళ్ళు టేపు దాకా దిగి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయాయి. అక్కడి నుంచి వెంట్రుకవాసి తగ్గలేదు, పెరగలేదు. మగ్గు మాత్రం అప్పటి నుంచి మళ్ళీ ప్రతి పొద్దునా తడిగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ జిన్‌ఫెంగ్ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నేనే యాలింగ్, మేత వేసి పోతాను" అనడం అలవాటు చేసుకుంది. భయం మాత్రం పోలేదు.

తండ్రీకూతుళ్ళు ఎండకు కమిలిన మొహాలతో తిరిగొచ్చారు. తోంగ్‌తోంగ్ తాను తిన్న పీతల గురించి ఊపిరాడకుండా చెప్పి, పెట్టె లాక్కుంటూ లోపలి గదిలోకి పోయింది. వెన్‌కాయ్ తొట్టి చూసి, "కరెక్టుగా టేపు దగ్గరే ఉంది పిన్నీ! నా చేత కూడా ఇలా కాదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి జిన్‌ఫెంగ్ గుండెల మీద బరువు దిగింది. అంతలో అతను బాల్కనీలోకి వెళ్ళి వచ్చాడు.

"సీసాలు చాలా మిగిలాయే. మరి ఏం పోశావు?"

"మీ కుళాయి నీళ్ళే. ఎక్కడివైతేనేం?"

"దేంతో పోశావు?"

ఆవిడ చూపు వంటింటి వైపు పోయింది. వెన్‌కాయ్ వంటింట్లోకి వెళ్ళి నీలం మగ్గు పట్టుకొచ్చాడు. దాని అంచు నుంచి ఒక చుక్క అతని వేలి మీదికి జారింది.

"నేనే తీశానురా" అంది జిన్‌ఫెంగ్.

"నీకు అబద్ధం చేతకాదు పిన్నీ. నా కళ్ళలోకి చూసి చెప్పు."

చెప్పేసింది. బూడిద సంగతి, నాణేల సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ, అయిపోయింది, ఇక వీడు ఈ గది విడిచి కదలడు, పిల్ల గతి ఇంతే అని లోపల కుమిలిపోతూనే ఉంది.

వెన్‌కాయ్ మగ్గు ఒళ్ళో పెట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాడు.

"మూడేళ్ళు పిన్నీ. రోజూ ఈ తొట్టి ముందే కూర్చున్నాను. ఒక్కసారి రావే, ఒక్కసారి అని ఎంత బతిమాలానో. ఆయనున్నాడు కదా, చూసుకుంటాడులే అనుకుంది కాబోలు. నేను ఇల్లు విడిచి పోయాకే వచ్చింది." తలెత్తి ఆవిడ వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు లేవు, ఆశ ఉంది. అది చూస్తేనే జిన్‌ఫెంగ్‌కు ఎక్కువ భయం వేసింది.

"ఈసారి ఎన్నాళ్ళు వెళ్ళమంటావు పిన్నీ?"

లోపలి గదిలో తోంగ్‌తోంగ్‌కు ఆ మాట వినపడింది. "మళ్ళీ వెళ్తున్నామా నాన్నా!" అని గంతులేసుకుంటూ వచ్చి తండ్రి మెడ చుట్టేసింది. జిన్‌ఫెంగ్ అతని ఒళ్ళోంచి నీలం మగ్గు తీసుకుని, గుడ్డతో పొడిగా తుడవసాగింది.