దసరా తర్వాత మొరాయించిన కాపియర్

నా అంత తెలివైనది కార్వాన్ బస్తీ మొత్తంలో లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కోస్తా నుంచి వచ్చి, ఒక లారీ సరుకుల ఆఫీసులో కంప్యూటర్ పనికి కుదిరాను. నాలుగు కంప్యూటర్లకు కలిపి ఒకటే పెద్ద కాపియర్. లారీతో పాటు వెళ్లే సరుకు చీటీలు, అంటే బిల్టీలు, అన్నీ దాంట్లోంచే ప్రింటై రావాలి.

దసరా వెళ్లిన మర్నాటి నుంచి అది మొరాయించింది. ఒక్కో బిల్టీకి ఐదు నిమిషాలు! బయట డ్రైవర్లు హారన్లు మోగిస్తున్నారు. "ఏంది మేడం, కాయితం కాడ్నే పొద్దుగూకుతదా?" అని ఒకాయన కిటికీలోంచి అరిచాడు. నాకు ఒళ్లు మండింది. కేబుళ్లు పీకి పెట్టాను, మిషన్ ఆపి మళ్లీ వేశాను. ఊహూ.

అప్పుడు దాని మూత మీద కుంకుమ కనిపించింది. మాకు చాయ్ అందించి, ఫైళ్లు మోసే పెద్దాయన ఆయుధ పూజ నాడు లారీలకూ తక్కెడకూ పెట్టినట్టే దీనికీ దండిగా బొట్లు పెట్టాడు. మా ఓనరు సేట్ వచ్చి కారణం అడిగితే, "ఆ కుంకుమంతా లోపలికి పోయింది, ఇంకేం పనిచేస్తుంది!" అనేశాను. తెరిచి చూసిందీ లేదు, పెట్టిందీ లేదు. సేట్ అక్కడికక్కడే పెద్దాయనను పనిలోంచి తీసేశాడు. ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను ఆపలేదు.

ఆరో రోజుకు మెకానిక్ దొరికాడు. మిషనంతా విప్పి, "లోపల సాఫ్ ఉంది మేడం, కుంకుమ గింకుమ ఏం లేదు" అన్నాడు. నేను నమ్మితేనా! అతను నా కంప్యూటర్ నుంచే రెండు ముక్కలు టైపు చేసి పంపాడు. టక్కున వచ్చి పడింది. బిల్టీ పంపాడు. మళ్లీ ఐదు నిమిషాలు.

"బిల్టీ మీద గీ లక్ష్మి బొమ్మ ఎవరు పెట్టిన్రు?"

నేనే. పండక్కి బిల్టీ పైన అమ్మవారుండాలని సెలవు ముందు రోజు సాయంత్రం సేట్ గోడ క్యాలెండర్ ఇస్తే, స్కానర్ ఎంత పెద్దగా తీయగలదో అంత పెద్దగా తీసి, తెర మీద తపాలా బిళ్లంత చేసి కూర్చోబెట్టాను. చిన్నగా కనిపిస్తోంది కాబట్టి చిన్నదైపోయిందనుకున్నాను.

"చూడనీకే చిన్నగుంది మేడం. ఒక్కో బిల్టీకి క్యాలెండర్ మొత్తం మిషన్ లోపటికి పోతున్నది."

బొమ్మను మళ్లీ చిన్న సైజులో స్కాన్ చేసి పెట్టాను. బిల్టీలు చకచకా వచ్చిపడ్డాయి. ఆ చప్పుడు విని సేట్ పరుగున వచ్చాడు.

"చూసినవా అమ్మా, ముసలాయన పోంగనే మిషన్ గాడిల పడ్డది!"

నేను బాగుచేయడమే పెద్దాయన నేరానికి రుజువైపోయింది! మెకానిక్ నా వంక చూశాడు. ఊరుకుంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు. "తప్పు నాది సేట్" అన్నాను. అంతా చెప్పాను. సేట్ గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"పో. ముసలాయనను నువ్వే పోయి తోల్కరా" అన్నాడు.

ఆటోలో ఛత్రినాకలోని ఆయన ఇంటికి వెళ్లాను. పెద్దాయన గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. బొమ్మ సంగతి, నా నిర్వాకం, సేట్ రమ్మన్న సంగతి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన తిట్టలేదు. నా మొహంలోకి చూసి, మెల్లగా అడిగాడు.

"నిజంగనే నా బొట్టుతోని కాదా, బిడ్డా?"

"కాదు."

"నా చేతులల్లనే ఏదో దోషమున్నదనుకున్న. ఆరు దినాల సంది దేవుని కాడ దీపం గూడ పెట్టలే."

పని పోయిందని కుమిలిపోతుంటాడనే అనుకుంటూ వచ్చాను గానీ, ఇది నా ఊహకే అందలేదు. ఆయన చేతులు దులుపుకుని లేచాడు.

"జర ఆగు బిడ్డా. దీపం పెట్టొస్త" అని లోపలికి వెళ్లాడు.