విమానానికి గాలి తాకింది

మా దగ్గర గాలి తాకిందంటే దయ్యం పట్టిందని. ఈ సంగతి విమానం నేర్చుకునే ఆ పట్నం పిల్లకు తెలియదు, పాపం.

మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, విమానం నడపడం నేర్పే రన్‌వే పక్కనే మాకు క్యాబేజీ తోట ఉంది. ఒక పొద్దున ఆ రన్‌వే నుంచి లేచిన చిన్న విమానం పైకెక్కలేక ఒక పక్కకు ఒరిగి, వచ్చి మా తోటలో కూలబడింది. చక్రం విరిగింది, రెక్క వంగింది, సాళ్లకు సాళ్లు పచ్చడయ్యాయి. క్యాబేజీ లెక్క అడుగుదామని నోరు తెరిచినవాణ్ని, వణుకుతూ దిగిన పిల్లను చూసి మూసుకున్నాను. ఆమె ఒంటి మీద గీత కూడా పడలేదు.

“ఏమైంది బిడ్డా?” అంది మా నాయనమ్మ.

“లేస్తుంటే వెనక నుంచి గాలి తగిలింది అవ్వా. ఇక జన్మలో విమానం ఎక్కను” అని ఆ పిల్ల ఏడ్చేసింది.

నాయనమ్మ నా వైపు తిరిగింది. “నేననుకుంటనే ఉన్న. గాలి తాకింది. ఉరుకు, ఎండుమిర్పకాయలు, నిప్పులు తేపో!”

ఆమెకు ఎదురుచెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మూకుడులో నిప్పులు తెచ్చేసరికి పిల్లకు నేర్పే సారు జీపు దిగాడు. రెక్కలోంచి పెట్రోలు కారుతోంది.

“నిప్పా! పిచ్చా మీకు?” ఆ అరుపుకు నేను మూకుడుతో సహా రోడ్డెక్కాను.

“నిప్పు లేకుంటె గాలి ఎట్ల పోతది సారూ?” అంది నాయనమ్మ.

“గంటలో దానంతటదే తగ్గుతుందమ్మా!”

“దానంతటదే తగ్గితె ఇగ మంత్రగాళ్లెందుకు?”

చివరికి ఉప్పుతో రాజీ కుదిరింది. నాయనమ్మ పిల్లకు దిష్టి తీసి, వదిలేస్తే పాపమని విమానం ముక్కుకూ తీసింది. పిల్ల ఏడుపులోనే నవ్వింది.

మిగిలిన ఉప్పు పొట్లం కట్టి పిల్ల చేతిలో పెట్టింది నాయనమ్మ. “ఫికర్ చెయ్యకు. మల్ల ఎక్కు. గాలికి ఈపు సూపెట్టకు, ఎదురుంగ పో.”

“మా సారూ ఇదే చెప్తారవ్వా.”

ఆ తర్వాత ఏ విమానం పోయినా నాయనమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసేది. “దాంట్ల మన పిల్ల ఉన్నదారా?” తెలియదని చెప్పాలంటే నాకు బాధగా ఉండేది.

ఒకరోజు షేర్ ఆటోలోంచి మిఠాయి డబ్బాతో దిగింది ఆ పిల్ల.

“ఎక్కినవా?”

“ఎక్కిన అవ్వా, ఒక్కదాన్నే!” అంది మా యాసలోనే.

నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. పిల్ల దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అంది.

“ఇంకో ఉప్పు పొట్లం కావాలి. మా సారు అడగమన్నారు.”