సాగనంపే దారి ఏదమ్మా?

మా మావగారికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా కంప్యూటర్లో అడుగు పెట్టకముందే దాన్ని బయటికి ఎలా పంపాలో తెలియాలి. అది ఎందుకు పనికొస్తుంది, బాగుంటుందా అన్నవన్నీ ఆయనకు తర్వాతి సంగతులు. గది అద్దెకు అడగవచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి "ఎప్పుడు ఖాళీ చేస్తావు నాయనా?" అని అడిగే రకం.

ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తాడు తెగితే ఏమవుతుంది, తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుంది అని ఆలోచించడానికే జీతం తీసుకున్న మనిషి. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ ఆలోచన ఆగలేదు. లిఫ్టుల మీది భయమంతా మూటగట్టుకొచ్చి కంప్యూటర్ మీద దించారు.

ఆ భయం ఆయన దగ్గరే ఉంటే బాధ లేకపోయేది. అది జలుబులా పక్కవాళ్లకు అంటుకుంటుంది. ఈ ఇంటి కోడలిగా రాకముందు నేను కళ్లు మూసుకుని 'నెక్స్ట్', 'నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు ఆ మాట తెర మీద కనబడితే చాలు, అరచేతులకు చెమట పడుతుంది. ఒకసారి టైపింగ్‌కని ఏదో దించుకుంటుంటే నా భుజం వెనక ఎవరిదో ఊపిరి వినిపించింది. ఇంకెవరిది?

"ఎవరిదమ్మా ఇది?"

"ఏదో కంపెనీది మావయ్యగారూ."

"ఎంతట?"

"ఊరికేనట."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఊరికే ఎందుకిస్తారమ్మా? మన మొహం చూసి ముచ్చటేసిందా?"

"అందరికీ అలాగే ఇస్తారండీ."

"అందర్నీ ఒకేసారి ముంచడానికన్నమాట. సరే, దీన్ని సాగనంపే దారి ఏదీ?"

"ఇంకా రానేలేదు కదండీ!"

"వచ్చాక చెబుతుందా?"

చివరికి మర్నాడు దాన్ని వేశాం, తీశాం, మళ్లీ వేశాం. 'అంగీకరిస్తున్నాను' అన్నచోట టిక్కు పెట్టేటప్పుడు ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఏం అంగీకరించానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంత జాగ్రత్తపరుడి కంప్యూటర్ ఎంత భద్రంగా ఉండాలి? మా ఇంట్లో అస్తమానం పాడయ్యేది ఆయనదే! బాగుచేసే అతన్ని మేం డాక్టరంటాం. వస్తూనే ఎవర్నీ అడక్కుండా నేరుగా మావగారి గదిలోకి నడుస్తాడు. ఉన్నదంతా తుడిచేసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, "పెద్దాయనా, మళ్లీ ఏం నొక్కారు?" అంటాడు. మావగారు పంకా వంక చూస్తారు. నేనూ మా ఆయనా వంటింట్లోకి పోయి నవ్వుకుంటాం.

అలాంటిది, మొన్న నాది పాడైంది. అదీ ఎప్పుడు? నేను అనువదించిన మొట్టమొదటి పుస్తకాన్ని సాయంత్రంలోగా పంపాల్సిన రోజున. ప్రచురణ సంస్థ ఎడిటరమ్మ అప్పటికే గడువు ఒకసారి పెంచింది. ఈసారి తప్పితే వేరొకరి చేత చేయించుకుంటామని కచ్చితంగా చెప్పేసింది. డాక్టరు పొద్దున్నే వచ్చి నా కంప్యూటర్ని కడిగిన పలకలా చేసి వెళ్లాడు. పుస్తకం మిగిలిందల్లా పెన్‌డ్రైవ్‌లో, అదొక్కటే కాపీ.

"ఇక మీకు అత్యవసరమైనవి మీరు వేసుకోండి" అన్న డాక్టరు మాట మావగారి చెవిన పడింది. వచ్చేశారు.

"ఏమేం అత్యవసరమమ్మా?"

"ఒక ఫాంటు, నా ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్. అంతేనండీ."

"యాంటీవైరస్?"

"దానికి ఇప్పుడు టైము లేదు మావయ్యగారూ."

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫాంటును మాత్రం, "అక్షరాలే కదా, ఏం చేస్తాయిలే" అని రానిచ్చారు, అదీ ఒకసారి తీయించి చూశాకే. అసలు చిక్కు రెండోదానితో వచ్చింది. ఇదివరకు నేను కొనుక్కున్నదాని తాళంచెవి లాంటి నంబరు డాక్టరు తుడిచినవాటితోపాటే కొట్టుకుపోయింది. స్నేహితురాలు ఎవరో చెప్పారంటూ ఒక లింకు పంపింది, అదే సాఫ్ట్‌వేర్ అక్కడ ఊరికే దొరుకుతుందట. తెరిస్తే నాలుగు వైపులా బొమ్మలు మిణుకుమిణుకుమన్నాయి. నాకూ అనుమానం పీకుతూనే ఉంది. కానీ గడియారం వంక చూస్తే దానికన్నా ఎక్కువ భయమేసింది. మౌస్ మీద చెయ్యి వేశాను.

"అమ్మాయ్, ఆగు. దీన్ని సాగనంపే దారి కనబడటంలేదు."

"ఇది పంపకపోతే సాయంత్రానికి వాళ్లు నన్నే సాగనంపుతారండీ!" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆయన పక్కనున్న కుర్చీలో కూర్చుని, "పోనీ, కాస్త టీ తాగి నొక్కు. నాకూ ఇంత పొయ్యి" అన్నారు.

టీ కప్పులతో తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. బల్ల మీద పెన్‌డ్రైవ్ లేదు.

కీబోర్డు ఎత్తి చూశాను, బల్ల కింద దూరాను, చెత్తబుట్ట బోర్లించాను. ఏడాది కష్టం, వేలెడంత వస్తువు. "అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకు ఆవిడ పరుగెత్తుకొచ్చారు. "మీ మావయ్య తలుపేసుకుని ఏదో చేస్తున్నారు, చూడు" అన్నారు.

తలుపు తోశాను. ఆయన కంప్యూటర్ తెరంతా ఎర్రగా ఉంది. డబ్బు కడితే తప్ప లోపలున్నవేవీ తిరిగివ్వమని దాని మీద బెదిరింపు. మావగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. ఆ చేతులు వణుకుతున్నాయి.

"నా పుస్తకం..." అన్నాను.

ఆయన చొక్కా జేబు గుండీ విప్పి, పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టారు. "నేను ఆ లింకు ఇక్కడ వేసి చూసొచ్చేలోపు తొందరపడి గుచ్చేస్తావేమోనని పట్టుకొచ్చానమ్మా. దీన్ని ఇందులో పెట్టలేదు, ఒట్టు."

"మరి మీ కంప్యూటర్?"

"దానికేం, అలవాటే."

గుమ్మంలోంచి అత్తయ్య అందుకున్నారు. "ఉద్యోగంలోనూ ఇంతే. జనాన్ని ఎక్కనిచ్చే ముందు తనొక్కరే ఎక్కి పైదాకా పోయి వచ్చేవారు. ఇంటికొచ్చాక మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. నీ కంప్యూటర్లోకి వచ్చినవన్నీ ముందు ఇందులో దిగి వచ్చినవే. చెబితే ఊరుకోనని నా నోరు కట్టేశారు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లోకంలో అంత భయస్తుడు ఇంకొకరు ఉండరు, ప్రతిసారీ ముందు ఎక్కింది మాత్రం ఆయనే.

"ఇంకొకటుందమ్మా," అన్నారాయన నెమ్మదిగా. "అదీ ఊరికేనే. పోయిన నెల వేసి చూశాను. అందచందాలు లేవు గానీ, పొమ్మంటే బుద్ధిగా పోయింది."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"నీకు ఇది నచ్చింది కదా. ఎక్కి చూడకుండా పనికిరాదనడం న్యాయం కాదుగా?"

ఆయన చెప్పినదే వేశాం. ఫైలు తెరుచుకునేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఒక్కొక్క పేజీ వచ్చింది, అక్షరం చెదరలేదు. పంపేశాను. ఎడిటరమ్మ నుంచి 'అందింది' అని జవాబొచ్చాకగానీ మావగారు చల్లారిన టీ ముట్టుకోలేదు.

"మీవేం పోయాయండీ?" అని అడిగాను.

"నాకేమున్నాయమ్మా. పేకాట." కాస్త గొంతు తగ్గించారు. "అందులో నా గెలుపులన్నీ ఉండేవి."

మర్నాడు డాక్టరు వచ్చాడు. "పెద్దాయనా, మళ్లీ ఏం నొక్కారు?" అంటూ అంతా తుడిచి, "ముందు ఏం వెయ్యమంటారు?" అన్నాడు.

"మా కోడలికి ఏం కావాలో కనుక్కో. అది వెయ్యి" అన్నారు మావగారు.

"పేకాట వెయ్యండి" అన్నాను నేను.

డాక్టరు వేసి వెళ్లగానే మావగారు ఆత్రంగా కుర్చీ వైపు నడిచారు. నేను గబుక్కున వెళ్లి అందులో కూర్చున్నాను. "ఆగండి మావయ్యగారూ. ముందు నేనాడి చూస్తాను. ప్రమాదం లేదంటే మీరు కూర్చుందురుగాని."

ఆయన నా వెనక నిలబడి కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నారు. "జాగ్రత్తమ్మా... ఆ రాణిని అప్పుడే కదపకు!"

కదిపాను. చిత్తుగా ఓడిపోయాను.

"ప్రాణానికేం ప్రమాదం లేదండీ" అని లేచి, ఆయనకు కుర్చీ ఇచ్చాను.