డిగ్రీలాయన

పదో తరగతి గట్టెక్కకపోయినా వీధిలో అందరూ ఆయన్ని డిగ్రీలాయన అనే పిలిచేవారు. పెరటి రేకుల షెడ్డులో రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి, ఇనుమును ఎర్రగా కాల్చే యంత్రం సొంతంగా తయారుచేశాడు మరి. వంటింటి ఇండక్షన్ పొయ్యికి పెద్దన్నలాంటిది. పక్కనే వేడిని డిగ్రీల్లో చూపించే ఎర్రంకెల మీటరు. దాన్ని భార్యకన్నా ఎక్కువ నమ్మేవాడు.

"ఇనుము తెల్లబడుతోందండీ, ఆపండి," అనేది ఆమె.

"నీ కళ్లకేం తెలుసే? మీటరు అయిదొందలే అంటోంది."

అలా, గట్టిపరుస్తానని ఆయన కాల్చిన ఇంటి చాకులన్నీ మైనంలా వంగో, పుటుక్కున విరిగో చెత్తబుట్టలో పడ్డాయి.

అందుకే, చనిపోయిన తన అక్క కత్తెరను, బాగుచేస్తానని ఆయన చేయి చాపగానే, ఆమె కొంగు చాటున పెట్టుకుంది. అక్క బట్టలు కుట్టి సంసారం ఈడ్చిన కత్తెర అది. అక్క ఉండగానే సానపట్టేవాడెవడో చక్రం మీద వేడెక్కించి ఉక్కును మెత్తబరిచేశాడు. దాంతోనే కుట్టుపని మొదలుపెడతానని అక్క కూతురి పట్టు.

"తక్కువ కాలితే మెత్తగానే ఉంటుంది, ఎక్కువ కాలితే విరిగిపోతుంది. అంతేగా బాబాయ్?"

"అంతే. ఆ మధ్యనుండే వేడిని పట్టుకోవడానికేగా నేనున్నది."

"నువ్వు పట్టుకున్నవన్నీ చెత్తబుట్టలో చూశాంలే."

ఆయన అలిగాడు. అన్నం కంచం పట్టుకెళ్లి షెడ్డులో మీటరు ముందు కూర్చున్నాడు. ఆ అలకలోనే తట్టింది. రాగి చుట్టలో కరెంటు నడుస్తున్నంతసేపూ దాని ప్రభావం వేడిని కొలిచే సెన్సరు తీగ మీద పడి అంకెల్ని చెడగొడుతోంది! యంత్రం కాసేపు కాల్చి, క్షణం ఆగి, వేడి చూసుకుని, మళ్లీ కాల్చేలా మార్చాడు. పాత చాకుల ముక్కలు ఒక్కటీ చెడకుండా గట్టిపడ్డాయి.

"ఆగి వింటేనే నిజం తెలుస్తుందే," అన్నాడు భార్యతో, కొత్త సంగతి కనిపెట్టినట్టు.

"అవునా!" అందామె, ఇన్నేళ్ల కాపురంలో తనకెన్నడూ తోచనట్టు. కత్తెర తీసి ఇచ్చింది.

రెండు రెక్కలూ విడదీసి కాల్చి నూనెలో ముంచాడు. పెళుసుతనం పోయేలా మళ్లీ కాస్త వేడి చూపించాడు. పదునుపెట్టి బిగించాక పిల్ల గుడ్డ మీద నడిపితే కత్తెర నీళ్లలో చేపలా సాగిపోయింది.

"చెత్తబుట్టకు ఈసారి పస్తే బాబాయ్!"

ఆయన మీసం కింద నవ్వుకున్నాడు. ఆమె మాత్రం చెవి ఒగ్గి వింటోంది. అక్క చేతిలో అది కరకరమని గుడ్డను నమిలేది. పక్కగదిలోకి ఆ చప్పుడు వస్తే అక్క పనిలో ఉందని తెలిసేది. ఇప్పుడు చప్పుడు లేక గుడ్డ తెగినట్టే తెలియడం లేదు.

"బాగుందా పిన్నీ?"

"బాగుందే. ఏదీ, ఇంకో ముక్క కత్తిరించు," అంటూ ఆమె కాస్త దగ్గరకు జరిగింది.